ఆకుకూరలు తినమంటే సరిపోతుందా?

ఒక చిన్న లెక్క వేద్దాం. మన హైదరాబాద్‌లోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో కొత్త ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. వాటి ప్రకారం ఒక మనిషి పళ్లెంలో రోజుకు 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు, 100 గ్రాముల పండ్లు ఉండాలి. నలుగురు పెద్దవాళ్లున్న ఇంటికి కూరగాయలే రోజుకు 1.6 కిలోలు కావాలి. అంటే నెలకు 48 కిలోలు. అదే ఇంటికి రేషన్ కార్డు ఉంటే మనిషికి ఆరు కిలోల చొప్పున నెలకు 24 కిలోల సన్నబియ్యం ఉచితంగా వస్తాయి. అంటే కడుపు నింపే 24 కిలోలు ప్రభుత్వం ఇస్తోంది. ఒంటికి బలాన్నిచ్చే 48 కిలోలు ఎవరికి వారే కొనుక్కోవాలి. కిలో సగటున 40 రూపాయలు అనుకున్నా నెలకు 1,920 రూపాయలు. పండ్ల ఖర్చు ఇందులో లేదు.

ఈ పేజీ చదివే చాలా ఇళ్లకు ఇది పెద్ద మొత్తం కాదు. వారాంతంలో ఒకసారి బయట భోజనం చేస్తే అంతే అవుతుంది. కానీ మన ఇంట్లో గిన్నెలు తోమే అమ్మ ఇంటికి, మన అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ ఇంటికి, అడ్డా మీద పని కోసం నిలబడే ఇంటికి ఇదే లెక్క వేయండి. అద్దె, పిల్లల బడి ఫీజు, ఆటో కిస్తీ కట్టాక మిగిలిన దాంట్లో మొదట తగ్గేది కూరే. బియ్యం ఉంటాయి, పచ్చిపులుసు ఉంటుంది, పచ్చడి ఉంటుంది. ఆ ఇంట్లోనూ అందరికంటే తక్కువ కూర వేసుకునేది, అందరికంటే చివర తినేది ఇంటి ఇల్లాలే.

ఓపీలో మాకు కనిపించేది దీని ఫలితమే. మెట్లెక్కితే ఆయాసం, కాళ్లు లాగడం, తల తిరగడం, పొద్దస్తమానం నీరసం అంటూ వచ్చే మహిళల్లో ఎక్కువ మందికి హిమోగ్లోబిన్ చూస్తే తొమ్మిది, ఎనిమిది, ఒక్కోసారి అంతకంటే తక్కువ ఉంటుంది. గర్భంతో లేని మహిళకు 12 గ్రాములు ఉండాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. అయిదేళ్లలోపు పిల్లల్లో అది 70 శాతం. తల్లికి లేనిది బిడ్డకు ఎక్కడి నుంచి వస్తుంది?

చీటీ మీద రాసే మాట

ఇలాంటి వారికి వైద్యులు ఐరన్ మాత్రలు రాస్తారు. కింద ఒక మాట జోడిస్తారు: ఆకుకూరలు, కూరగాయలు, పండ్లు బాగా తినండి. ఈ సలహాలో తప్పు లేదు. అయితే దాని గురించి రెండు విషయాలు నిజాయతీగా చెప్పుకోవాలి.

మొదటిది, ఆకుకూరలు మాత్రకు ప్రత్యామ్నాయం కావు. మహిళకు రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలని భారత వైద్య పరిశోధన మండలి 2020లో నిర్ధారించింది. వంద గ్రాముల పాలకూరలో ఉండేది దాదాపు 3 మిల్లీగ్రాములు, తోటకూరలో నాలుగున్నర. అందులోనూ ఒంటికి పట్టేది కొద్ది భాగమే. భోజనంతో పాటు నిమ్మకాయో, ఉసిరికాయో, జామకాయో ఉంటే అది కాస్త పెరుగుతుంది. తిన్న వెంటనే టీ తాగితే తగ్గుతుంది. కాబట్టి రక్తహీనత వచ్చిన వారు మాత్రలు మానకూడదు. హిమోగ్లోబిన్ మామూలు స్థాయికి చేరాక కూడా కనీసం మూడు నెలలు వాడాలి. ఆకుకూరల పని వేరు. ఫోలేట్, విటమిన్ ఎ, విటమిన్ సి, పీచు, పొటాషియం ఇచ్చి, తగ్గిన జబ్బు మళ్లీ రాకుండా చూడటంలో, బీపీ, షుగర్ అదుపులో ఉంచడంలో వాటికి సాటి లేదు.

రెండోది, చీటీ మీద రాసిన మాత్రలు ఆసుపత్రి ఫార్మసీ కిటికీ దగ్గర ఉచితంగా దొరుకుతాయి. చీటీ మీద రాసిన కూరలు ఏ కిటికీ దగ్గరా దొరకవు. వైద్యం అక్కడ ఆగిపోతోంది. నా వాదన ఇక్కడి నుంచే మొదలవుతుంది. పేద మహిళలకు ‘ఏం తినాలో’ చెప్పడం చాలాకాలంగా చేస్తున్నాం. ఆ తిండిని పండించే నేల, అమ్మే ధర, తినే వాటా వాళ్ల చేతిలో ఉండేలా చూడటం మాత్రం ఇంకా సరిగ్గా మొదలుపెట్టలేదు. మహిళలే నడిపే కూరగాయల సహకార సంఘాలు నగరం అంచున రావాలని నేను కోరుకునేది అందుకే.

పొలం పోయింది, పని మారింది

ఎల్బీనగర్ దాటి హయత్‌నగర్, పెద్ద అంబర్‌పేట్ వైపు విజయవాడ రోడ్డు మీద వెళ్లేవారికి ఈ మార్పు కళ్లముందే జరిగింది. పంట పొలాలు వెంచర్లయ్యాయి, గట్లు కాంపౌండ్ గోడలయ్యాయి. ఔటర్ రింగ్ రోడ్డు వచ్చాక గజం ధరే మాట్లాడుతోంది. భూమి అమ్మిన కుటుంబాల్లో కొందరు బాగుపడ్డారు, కాదనను. కానీ పాసుపుస్తకం ఎవరి పేరు మీద ఉందో డబ్బు వారి చేతికి వెళ్లింది. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో మహిళల పేరిట ఉన్న కమతాలు దాదాపు 14 శాతమే. నాట్లు వేసింది, కలుపు తీసింది, కూర కోసి కట్టలు కట్టింది ఎక్కువగా ఆడవాళ్లు. భూమి పోయిన రోజు వారికి మిగిలింది ఆ పనితనం మాత్రమే. ఇప్పుడు వారిలో చాలామంది మన ఇళ్లలో పాచిపని చేస్తున్నారు, లేదా మార్కెట్‌లో కట్టలు కొని తెచ్చి రోడ్డు పక్కన అమ్ముతున్నారు. సాయంత్రానికి అమ్ముడుపోక వాడిపోయిన కట్టలే వారి ఇంటికి చేరతాయి.

గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ కొత్తపేట నుంచి బాటసింగారానికి తరలింది. పెద్ద అంబర్‌పేట్ మీదుగా పండ్ల లారీలు పోతూనే ఉంటాయి. ఆ రోడ్డు పక్కన రేకుల గదుల్లో ఉండే పిల్లల్లో ఎంతమంది వారానికి ఒక పండైనా తింటున్నారో అడిగి చూడండి. తిండి దగ్గర్లో ఉండటం వేరు, అందుబాటులో ఉండటం వేరు.

‘రైతుబజార్లు ఉన్నాయి కదా’ అంటారు. 1999 జనవరి 26న మొదలైన రైతుబజార్లు చాలా మంచి పని చేశాయి. మనలో చాలామందిమి సరూర్‌నగర్ రైతుబజారులో సంచి నింపుకొని వచ్చినవాళ్లమే. కానీ పొద్దున ఆరింటికి పనికి బయల్దేరి రాత్రికి ఇల్లు చేరే మహిళ బస్సెక్కి రైతుబజారుకు పోయి వచ్చే వీలెక్కడిది? పది నిమిషాల్లో కూరలు తెచ్చిచ్చే యాప్‌లు మన గేటు దగ్గర ఆగుతాయి, ఆమె బస్తీ దాకా పోవు. ఆమెకు దొరికేది వీధి చివర కిరాణా కొట్టులో అయిదు రూపాయల చిప్స్ ప్యాకెట్.

మన దగ్గరే దారి ఉంది

మహిళలు కలిసి ఈ చిక్కుముడి విప్పిన ఉదాహరణల కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీని చూడండి. అక్కడి సంఘాల్లో ఎక్కువమంది పేద దళిత మహిళలు. సొంత భూమి లేనివారు కలిసి కౌలుకు తీసుకున్నారు. పడావుగా ఉన్న నేలలను సాగులోకి తెచ్చారు. 1990ల నడుమ వారు మరో అడుగు వేశారు. రేషన్ బియ్యం మీదే ఆధారపడకుండా, తమ ఊళ్లో పండిన జొన్నలతో తామే ధాన్యనిధి పెట్టుకున్నారు. సాగుకు సాయం అందుకున్నవారు దాన్ని గింజల రూపంలో తిరిగి కడతారు. ఆ గింజలను పనులు దొరకని నెలల్లో పేద ఇళ్లకు తక్కువ ధరకు ఇస్తారు. ఊళ్లో ఎవరు ఎంత పేదవారో సంఘం మహిళలే కూర్చుని తేల్చారు. ఈ సంఘాల మహిళలకు 2019లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి దక్కింది.

వారి పొలాల్లో పోషకాహార వైద్యులు నేర్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. చేలో తనంతట తాను మొలిచే గునుగు, తుమ్మి, పొన్నగంటి, గంగవాయిలి వంటివి వారి దృష్టిలో కలుపు కావు, కూరలు. కలుపు మందు కొట్టని చేనులో ఈ కూరలు పైసా ఖర్చు లేకుండా దొరుకుతాయి. పేద ఇంటికి అవే విటమిన్ మాత్రలు.

రెండో ఉదాహరణ ముల్కనూరు మహిళా డెయిరీ. పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం 1995లో వచ్చింది. ప్రభుత్వ పెత్తనం లేకుండా సభ్యులే సంఘాన్ని నడుపుకునే వీలు అది కల్పించింది. ఆ చట్టం కింద ఏర్పడిన ఈ డెయిరీ 2002లో పని మొదలుపెట్టి ‘స్వకృషి’ పేరుతో పాలు అమ్ముతోంది. పాలు పోసేది మహిళలు, పాలకవర్గంలో కూర్చునేది మహిళలు. పాల డబ్బు ఆమె లెక్కలో పడుతుంది. వైద్యుడిగా నాకు ఇది చాలా ముఖ్యం. మహిళ చేతికి వచ్చిన డబ్బులో ఎక్కువ భాగం తిండికి, పిల్లలకు ఖర్చవుతుందని అనేక దేశాల్లో పరిశోధకులు గమనించారు.

కేరళలో 1998లో మొదలైన కుటుంబశ్రీ ద్వారా లక్షల మంది మహిళలు చిన్న బృందాలుగా భూమి కౌలుకు తీసుకుని వరి, కూరగాయలు పండిస్తున్నారు. నగరం సంగతేమిటంటారా? అర్జెంటీనాలోని రొసారియో నగరాన్ని చూడండి. 2001లో ఆ దేశం ఆర్థిక సంక్షోభంలో కూరుకుపోయింది. మరుసటి ఏడాది నగర పాలక సంస్థ వాడకుండా పడి ఉన్న స్థలాలను పేద కుటుంబాలకు కూరగాయల సాగుకు ఇచ్చింది, అమ్ముకోవడానికి సంతలు పెట్టింది. ఆ పని ఇప్పటికీ సాగుతోంది, 2021లో అంతర్జాతీయ బహుమతి కూడా అందుకుంది.

ఇన్ని చోట్లా ఉమ్మడిగా కనిపించేవి మూడు: సంఘానికి కొన్నేళ్ల పాటు ఖాయంగా ఉండే నేల, తప్పకుండా కొనే చేతులు, లెక్క పుస్తకం మహిళల దగ్గర ఉండటం. ఇందులో ఒక్కటి లేకపోయినా నిలవదు.

మేడ మీద కుండీలు చాలవా?

మిద్దె తోటలు మంచివే. మన ఉద్యాన శాఖ కూడా ‘మన ఇంటి కూరగాయలు’ పేరుతో రాయితీ మీద కిట్లు ఇచ్చింది. ఆసక్తి ఉన్నవారు తప్పక పెంచుకోండి. తొట్లలో, పళ్లేల్లో నీరు నిల్వ ఉంటే డెంగీ దోమలు పెరుగుతాయి కాబట్టి వారానికి ఒకసారి ఆరబెట్టండి. కానీ మిద్దె ఉన్నవారికే మిద్దె తోట. ఒక కుటుంబానికి ఏడాదంతా కూరగాయలు కావాలంటే 200 చదరపు మీటర్లు, అంటే 240 గజాల పెరటితోట కావాలని ఉద్యాన నిపుణులు చెబుతారు. రేకుల గదిలో అద్దెకుండే కుటుంబానికి అది కల.

మరి పెద్ద అంబర్‌పేట్ వైపు అలాంటి నేల లేదా? ఉంది. పెట్టుబడి కోసం కొని వదిలేసిన ప్లాట్లు ప్రతి వెంచర్‌లో ఉన్నాయి. యజమానులు దిల్‌సుఖ్‌నగర్‌లోనో, డల్లాస్‌లోనో ఉంటారు. ప్లాట్లలో సర్కారు తుమ్మ, ఇటుక ముక్కలు, చెత్త, వానాకాలంలో దోమలు. యజమాని భయం ఒక్కటే: ఎవరికైనా ఇస్తే కబ్జా చేస్తారేమోనని. ఆ భయం అకారణమైనది కాదు. అందుకే వ్యక్తులకు కాకుండా నమోదైన సంఘానికి ఇవ్వాలి. కాలనీ సంక్షేమ సంఘం సాక్షిగా, మూడేళ్ల రాతపూర్వక ఒప్పందంతో, సాగు చేసుకునే అనుమతి మాత్రమే ఇవ్వాలి. తోటకూర నెల రోజుల్లో, మెంతికూర అంతకంటే ముందే కోతకొస్తాయి. యజమాని ఇల్లు కట్టుకోవాలంటే రెండు నెలల ముందు చెబితే చాలు. ఆలోగా ఆయన ప్లాటు శుభ్రంగా, పచ్చగా, నలుగురి కళ్ల ముందు ఉంటుంది.

ఇప్పుడు ఇంకో లెక్క. వంద కుటుంబాలు వారానికి రెండు కిలోల ఆకుకూరలు తీసుకుంటామని మాట ఇచ్చాయనుకోండి. చదరపు మీటరుకు ఒక కోతకు కిలో వస్తుందనుకుంటే వారానికి 200 చదరపు మీటర్లు కోతకు రావాలి. విత్తనం నుంచి కోత దాకా అయిదు వారాలు. అంటే మొత్తం వెయ్యి చదరపు మీటర్లు, మన భాషలో సుమారు పావు ఎకరం. ఇది 200 గజాల ప్లాట్లు ఆరు. కిలో 50 రూపాయలైతే ఒక్కో కుటుంబం ఇచ్చేది వారానికి వంద రూపాయలు. నెలకు దాదాపు 40 వేలు వస్తాయి. విత్తనాలు, ఎరువు, నీళ్ల ఖర్చు ఎనిమిది వేలు తీసేస్తే, ఎనిమిది మంది మహిళలకు పూట పనికి తలా నాలుగు వేలు మిగులుతాయి. ఇది బతుకు మొత్తం మార్చే జీతం కాదు. కానీ మొదట చెప్పుకున్న 1,920 రూపాయల కూరగాయల ఖర్చుకు రెట్టింపు.

డబ్బుతో పాటు ఒక నియమం రాసుకోవాలి. కోసిన కూరలో మొదటి వాటా పండించిన మహిళల ఇళ్లకు వెళ్లాలి, ఆ తర్వాతే అమ్మకం. అలాగే రెండు ధరలు ఉండాలి: ఇంటి గుమ్మానికి తెచ్చిచ్చే కాలనీ ధర ఒకటి, బస్తీలో సాయంత్రం పూట అమ్మే తక్కువ ధర మరొకటి. కాలనీ ఇచ్చే పది రూపాయలు బస్తీ కూరను చౌక చేస్తాయి. పస్తాపూర్ ధాన్యనిధి నేర్పిన పాఠం అదే.

జాగ్రత్తలు తప్పవు

నగరపు సాగంతా ఆరోగ్యకరం అనుకోవద్దు. మూసీ వెంట మురుగునీటితో ఏళ్లుగా సాగు జరుగుతోంది. ఆకుకూరలు నేలలోని సీసం, కాడ్మియం వంటి భార లోహాలను ఎక్కువగా పీల్చుకుంటాయి. కాబట్టి సాగుకు ముందే నేలను, బోరు నీటిని పరీక్ష చేయించాలి. మామూలు భూసార పరీక్షలో పోషకాలే చూస్తారు, భార లోహాల పరీక్ష విడిగా అడగాలి. హైవే అంచున, పాత చెత్తకుప్ప మీద వేయకూడదు. అనుమానం ఉంటే కొత్త మట్టితో ఎత్తు మడులు కట్టుకోవాలి. కూర ఎక్కడ కొన్నా ధారగా పారే నీళ్లలో రెండు మూడు సార్లు కడిగి వండండి.

కిడ్నీ జబ్బు వల్ల పొటాషియం తగ్గించమని చెప్పినవారు, రక్తం పలచబడే వార్ఫారిన్ మాత్రలు వాడేవారు ఆకుకూరల మోతాదు పెంచే ముందు తమ వైద్యుణ్ని అడగాలి.

మరో జాగ్రత్త మనుషుల గురించి. ఇప్పటికే రెండు చోట్ల పనిచేసే మహిళ మీద ‘సాధికారత’ పేరుతో మూడో పని మోపితే అది ఆరోగ్యం కాదు. నడుంనొప్పి, వడదెబ్బ, నీళ్లు తాగక వచ్చే మూత్ర ఇన్‌ఫెక్షన్లు అప్పుడు మా దగ్గరికే వస్తాయి. పని చేసిన ప్రతి గంటకు డబ్బు ఉండాలి. నీడ, తాగునీరు, మరుగుదొడ్డి ఉండాలి. ఒకామెకు ఒంట్లో బాగాలేకపోతే మిగతావారు పని పంచుకునే వీలుండాలి. వ్యక్తిగత కుండీల కంటే సంఘం మేలనేది ఇందుకే.

ఎవరు ఏం చేయాలి?

ప్రభుత్వం దగ్గర ఇప్పటికే సరంజామా ఉంది. పట్టణ మహిళా సంఘాలకు మెప్మా ఉంది. ఇందిరా మహిళా శక్తి పేరుతో క్యాంటీన్లు నడిపే అవకాశం మహిళా సంఘాలకే ఇస్తున్నారు, ఆ క్యాంటీన్ల కూరగాయలూ మహిళల సంఘాల నుంచే కొనవచ్చు. గర్భిణులకు, బాలింతలకు ఆరోగ్యలక్ష్మి కింద అంగన్‌వాడీల్లో భోజనం పెడుతున్నారు. ఆ భోజనంలో ఆకుకూర పక్క బస్తీ మహిళలు పండించినదైతే ఖర్చు చేసే ఒక్క రూపాయి ఇద్దరు తల్లులకు పనికొస్తుంది. రేషన్ దుకాణంలో బియ్యంతో పాటు పప్పు కూడా ఇవ్వాలని వైద్యులుగా మేం అడుగుతూనే ఉండాలి.

కానీ కదలిక కాలనీల నుంచి రావాలి. కాలనీ సంఘం తదుపరి సమావేశంలో ఈ ఒక్క విషయం చర్చకు పెట్టండి: మన వెంచర్‌లో ఖాళీ ప్లాట్లు ఎన్ని, వాటి యజమానుల్లో ఒప్పుకునేవారు ఎవరు, వారానికి వంద రూపాయల కూర సంచికి పేరు ఇచ్చే ఇళ్లు ఎన్ని? మూడు నెలల డబ్బు ముందే ఇవ్వగలిగితే విత్తనాలకు అప్పు చేయాల్సిన పని ఉండదు. పుచ్చు ఆకు వచ్చిందనో, ఈ వారం గోంగూర ఒక్కటే ఉందనో మానేయకుండా ఒక ఏడాది నిలబడండి. మీ ఇంట్లో పనిచేసే ఆమెను అడగండి, ఆమెకు పొలం పని వచ్చేమో. చాలామందికి మనకంటే బాగా వచ్చు.

ఇది దానం కాదు, దయ కూడా కాదు. మీ ఇంటికి తాజా కూర వస్తుంది, మీ షుగర్‌కు మేలు చేస్తుంది. ఆమె ఇంట్లో కూర గిన్నె నిండుతుంది, ఆమె బిడ్డ హిమోగ్లోబిన్‌కు మేలు చేస్తుంది. ఒకే మడిలో కోసిన తోటకూర రెండు ఇళ్లలోనూ ఉడికిన రోజున, మందుల చీటీ కింద రాసే ఆ చివరి మాటకు అర్థం ఉంటుంది.

— వ్యాసకర్త ప్రభుత్వ ఆసుపత్రిలో ఫిజీషియన్, ఎం.బి.బి.ఎస్., ఎం.డి.